కాలువ తవ్వినవాళ్ల నాటకం

1878 జులై 3. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. పొద్దు వాలేసరికి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తెలుగు బాప్టిస్టుల ఇళ్లలో ఈ అంకె పిల్లలకు ఎక్కాలతో పాటే వచ్చేస్తుంది. సండేస్కూల్లో చెబుతారు, వార్షికోత్సవ సంచికల్లో వేస్తారు, అయ్యగార్ల ప్రసంగాల్లో ఏటా ఒక్కసారైనా వినబడుతుంది. కథ మాత్రం ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు ఏట్లో దిగినవాళ్లు అంతకు ముందు రెండేళ్లు ఏం తిని బతికారు, ఏ పని చేశారు, ఎవరి చేత ఎన్ని మాటలు పడ్డారు అని అడిగేవాళ్లు తక్కువ.

ప్రకాశం వైపున్న ఒక క్రైస్తవ కళాశాలలో బి.ఎ. చదివే పిల్లలు అడిగారు. అడిగి వచ్చిన జవాబులతో ఒక నాటకం అల్లుకున్నారు. దానికి రచయిత లేడు. రిహార్సల్స్ మొదలైన రోజుకు చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. కాలేజీ పేరు, పిల్లల పేర్లు రాయొద్దని వాళ్లే కోరారు. ఎందుకన్నది ఈ కథనంలోనే తెలుస్తుంది.

మొదట అనుకున్నది ఇంత పెద్ద పనేమీ కాదు. ఏటా డిసెంబరులో ఆడే క్రిస్మస్ నాటిక ఉండనే ఉంది. దూదిగడ్డాల జ్ఞానులు, తలకు తువ్వాళ్లు చుట్టుకున్న గొర్రెల కాపరులు, అట్టముక్కకు బంగారు కాగితం అంటించిన నక్షత్రం. తెలుగునాట ఏ చర్చి ఆవరణలో చూసినా అదే నాటిక, అవే తువ్వాళ్లు. ఆ బాధ్యత ఆ ఏడు ఇంగ్లిష్ చెప్పే లెక్చరర్ మీద పడింది. ఆమె దసరా సెలవులకు ముందు క్లాసుకు ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చి పంపారు. మీ ఇంట్లో అందరికన్నా ముందు ఏసుప్రభువును నమ్ముకున్నదెవరు, అప్పటికి వాళ్లు చేస్తున్న పనేంటి? క్రైస్తవులు కాని పిల్లలకు ప్రశ్న మార్చారు. 1876 నాటి ధాత కరువు గురించి మీ ఇంట్లో ఎవరైనా ఏమైనా చెప్పుకున్నారా? ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు, కానీ ముందు అడిగి. అదొక్కటే షరతు.

సెలవుల తర్వాత పిల్లలు తెచ్చినవాటిలో సగానికి పైగా పనికిరానివే. కొందరు గూగుల్లో చూసి రాసుకొచ్చారు. కొందరి ఇళ్లలో పెద్దవాళ్లు 'మాకేం తెలుసమ్మా' అని టీవీ వైపు తిరిగిపోయారు. మిగిలినవాటిలో మాత్రం ఒక మాట పదేపదే వచ్చింది. కాలవ. కాలవ పని. కాలవ కాడ గంజి.

మూడు మైళ్ల పైచిలుకు

ఆ కాలవే బకింగ్‌హాం కాలువ. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లో మొదలై, తీరం వెంట ముక్కలు ముక్కలుగా సాగిన తవ్వకం అది. 1876లో వానలు ఎగ్గొట్టి దక్షిణాదిన మహా కరువు దిగినప్పుడు మద్రాసు ప్రభుత్వం దాన్ని కరువు పనిగా మార్చింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్. పేరు ఆయనది, పార ఎవరిదో.

ఒంగోలులో అప్పటికి పదేళ్లుగా ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు ముక్క కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మతబోధకుడికి మట్టిపని కాంట్రాక్టు ఏమిటని ఇప్పుడు వింతగా తోచవచ్చు గానీ, క్లౌ దొర యవ్వనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు. గొలుసు, కొలత, లెవెలు ఆయనకు కొత్త కాదు. అసలు కారణం వేరు. సర్కారు కరువు పనుల దగ్గర మాదిగ కూలీలను మేస్త్రీలు పెట్టే బాధలు ఆయన చెవిన పడ్డాయి. తన ముక్క మీద తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు తవ్వకం, విశ్రాంతి వేళ వాక్యం. ఇంకో నిర్ణయమూ తీసుకున్నాడు. కరువు సాగినన్నాళ్లు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం మతం మార్చుకున్నారన్న మాట రాకూడదని. వేలమంది అడిగినా పదిహేను నెలలు ఆపాడు. 1878 జూన్‌లో ఆ కట్టు సడలించాక వచ్చిన వెల్లువే ఆ జులై 3. ఆ తర్వాత కూడా ఆగలేదు. ఆ ఏడాదిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తొమ్మిది వేలు దాటారు.

ఇదంతా క్లౌ దొర ఆత్మకథలో ఉంది. ఆయన చనిపోయాక 1914లో అచ్చయింది. కాలేజీ గ్రంథాలయంలోనూ ఒక ప్రతి ఉంది. చరిత్ర చెప్పే లెక్చరర్ దాన్ని తెచ్చి చదివి వినిపించినప్పుడు, వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి అడిగాడట. 'సార్, ఇందులో అంతా దొర చూసిందే ఉంది. తవ్వినోళ్లు ఏం చూశారు?'

నాటకం నిజంగా పుట్టింది ఆ ప్రశ్నలోనే అని నా నమ్మకం. ఎందుకంటే ఇలాంటి నాటకాలకు పేరుపడ్డ పద్ధతులు ఇక్కడ పనికిరావని ఆ ప్రశ్నతోనే తేలిపోయింది. ఇంగ్లండులో పీటర్ చీజ్‌మన్ అనే దర్శకుడు స్టోక్ పట్టణంలో 1960ల నుంచి స్థానిక చరిత్ర మీద నాటకాలు చేయించాడు. ఆయన పెట్టుకున్న నియమం కఠినమైనది. స్టేజీ మీద పలికే ప్రతి మాటకూ కాగితం మీదో, టేపు మీదో ఆధారం ఉండాలి. మంచి నియమమే. అయితే రాత వచ్చినవాళ్లకే అది న్యాయం చేస్తుంది. 1877లో పార పట్టిన మాదిగ మనిషి డైరీ రాసుకోలేదు. ఆ నియమం పాటిస్తే స్టేజీ మీద మళ్లీ దొరే మాట్లాడాలి.

ఒక పౌండు గింజలు

రాత లేనిచోట వాళ్లు ఒంటిని ఆశ్రయించారు. ఆ రిహార్సల్ నేను చూశాను.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ తరఫున మద్రాసు వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువు కూలిని కోసేశాడు. పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కొంచెం చిల్లర. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఈ తిండితో మనిషి మట్టిపని చేయలేడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురుతిరిగాడు. కొన్ని నెలలకు ఆ రేటు సవరించారు. అప్పటిదాకా గడిచిన రోజులు గడిచిపోయాయి.

పిల్లలు హాస్టల్ మెస్సు నుంచి త్రాసు తెప్పించారు. ఒక పౌండు అంటే 454 గ్రాములు. బియ్యం తూచి పేపరు మీద పోశారు. 'ఇంతేనా?' అంది ఒక అమ్మాయి. మెస్సు వంటాయన చూసి నవ్వి, 'ఇది మీలో ఒకడికి మధ్యాహ్నానికి ఒక పూటకే సరిపోద్దమ్మా, ఆ ఒకడు ఎవడో మీకూ తెలుసు, నాకూ తెలుసు' అన్నాడు. అందరూ ఒక కుర్రాడి వైపు చూశారు. ఆ నవ్వులు అయ్యాక లెక్చరర్ వాళ్లను గ్రౌండులోకి తీసుకెళ్లారు. కాలేజీలో కొత్త బ్లాకు కడుతున్నారు, పునాది మట్టి కుప్పలు ఉన్నాయి. తట్టలు, పారలు ఇచ్చి గంటసేపు మోయమన్నారు. నటించొద్దు, మోయండి అన్నారు. నలభై నిమిషాల తర్వాత మాటలు తగ్గాయి. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. చూపు నేల మీద, తర్వాతి అడుగు మీద. ఒక అమ్మాయి నడుస్తూ నడుస్తూ ఏదో గొణుగుతోంది. పాటా, లెక్కా, తిట్టా తెలియలేదు. తర్వాత అడిగితే 'నాకే గుర్తులేదు' అంది. నాటకంలో మొదటి పది నిమిషాలు ఆ గొణుగుడే. మాట ఉండదు. పన్నెండు మంది మట్టి మోస్తారు, పన్నెండు రకాల గొణుగుళ్లు.

మన నాటకరంగంలో ఇది అలవాటైన దారి కాదు. మనకు నాటకమంటే ముందు స్క్రిప్టు. పరిషత్తు పోటీల్లో అయితే మరీను. సోఫా సెట్టు, గోడకు క్యాలెండరు, గంట నిడివి, చివర ఒక డైలాగుకు చప్పట్లు. నేను ఆ పోటీలు ఇష్టంగా చూసేవాడినే, తెలుగు నాటకాన్ని బతికించినవి అవే కూడా. కానీ అక్కడ రచయిత ఇంట్లో కూర్చుని రాసింది నటుడు నోటికి ఎక్కించుకుంటాడు. ఇక్కడ వరస తిరగబడింది. ముందు విన్నారు, తర్వాత ఆడారు, ఆడింది నచ్చితే దాన్ని పట్టుకున్నారు, నచ్చకపోతే వదిలేశారు. వదిలేసిందే ఎక్కువ.

కాలేజీలో ఈ దుమారం ఏమిటని పైవాళ్లు కొందరు విసుక్కున్నారని విన్నాను. విసుగు ఎందుకో అర్థం కాలేదు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించింది తన విద్యార్థుల చేతే. అదీ వాడుక మాటల్లో, కోర్టుల అవినీతి మీద. క్రైస్తవ కళాశాలకూ మన పల్లె కథకూ కుదరదనేవాళ్లకు ఇంకో సంగతి. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాసింది 1899లో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ, అక్కడి తెలుగు విద్యార్థుల సంఘం పెట్టిన పోటీ కోసం. ఆ కథ అనంతపురం పక్క బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీద జనం చెప్పుకునేది.

పాతర రెండుసార్లు తెరుచుకుంది

క్లాసులో క్రైస్తవులు కానివాళ్లూ ఉన్నారు. ఆ చుట్టుపక్కల భూములున్న కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి మొదట్లో వెనకే ఉండేవాడు. 'ఇది వాళ్ల కథ మేడమ్, నాదేముంది?' అన్నాడు. తీరా ఇంట్లో అడిగితే వాళ్లకూ ఒక కరువు కథ ఉంది. వాళ్ల ముత్తాత తండ్రి జొన్నల పాతర తెరిచి ఊరికి, పల్లెకు గింజలు పోశాడని. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా గర్వంగా చెప్పుకునే కథ.

అదే ఊరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయికీ ఆ పాతర తెలుసు. వాళ్ల నాయనమ్మ చెప్పిన దాంట్లో పాతర తెరిచింది నిజమే. గింజలు పోసిందీ నిజమే. కానీ ఊరికే కాదు. గింజలకు బదులు మూడు తరాల జీతపు చాకిరీ రాయించుకున్నారని.

రిహార్సల్‌లో ఇది బయటపడ్డ రోజు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అబ్బాయి ముఖం ఎర్రబడింది. అమ్మాయి తల వంచుకోలేదు. ఎవరిది నిజం అని తేల్చే ప్రయత్నం లెక్చరర్ చేయలేదు. రెండూ ఆడమన్నారు. మొదట అబ్బాయి తన ఇంటి కథ ఆడాడు. పాతర రాయి తీసి, లోపలి వేడిగాలి పోనిచ్చి, చేట నిండా జొన్నలు ఎత్తి పోస్తాడు. తర్వాత అదే రాయి, అదే చేట, అమ్మాయి ఇంటి కథ. ఈసారి కూడా పాతర తెరిచేది ఆ అబ్బాయే. అలా ఉండాలని పట్టుబట్టింది అతనే.

ప్రదర్శనలో ఆ రెండు దృశ్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. నాటకంలో అన్నిటికన్నా బలమైన చోటు అదే. రచయిత ఒక్కడే రాసి ఉంటే అతను ఏదో ఒక వైపు తూగేవాడు, తూగకుండా ఉండలేడు. ఇద్దరు మనుషులు తమ తమ ఇళ్ల నుంచి తెచ్చుకున్నది కాబట్టి ఇక్కడ రెండూ నిలబడ్డాయి.

డప్పు ఎక్కడ?

ఆ నాటకంలో అన్నిటికన్నా ఎక్కువ నవ్వించిన సన్నివేశం అసలు నాటకంలో ఉండాల్సింది కాదు. అది రిహార్సల్‌లో జరిగిన గొడవ.

పిల్లలకు డప్పు కావాలి. ఇప్పటి తరానికి డప్పు ఆత్మగౌరవం. సభల్లో మోగుతుంది, ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది. సాయంత్రం రిహార్సల్‌కు ఇద్దరు కుర్రాళ్లు డప్పులు తెచ్చి ఎండుగడ్డి మంట మీద కాచి బిగువు చూస్తుంటే, చూడటానికి వచ్చిన చర్చి పెద్ద ఒకాయన లేచి నిలబడ్డాడు. 'ఏందిరా అబ్బయ్యా ఇది? మా తాతలు డప్పు దించింది మీరు మళ్లీ ఎత్తుకోడానికా?'

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. సంఘంలోకి వచ్చేవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడోదాని వెంటే ఊరి జాతరలో డప్పు కొట్టడమూ ఆగింది. అలా ఆపినందుకు ఊళ్లలో వాళ్లు పడ్డ దెబ్బలు, కట్టుబాట్లు తక్కువేం కాదు. డప్పు కొట్టనని చెప్పడమే ఆ తాతల తిరుగుబాటు. మనవళ్లకు డప్పు కొట్టడం తిరుగుబాటు. ఒకే వాయిద్యం చుట్టూ ఒకే ఇంట్లో రెండు తిరుగుబాట్లు, రెండూ న్యాయమైనవే.

అరగంట సాగిన ఆ వాదనను ఒక అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసింది, ఆ పెద్దాయనను అడిగే. మర్నాడు దాన్నే సన్నివేశంగా ఆడారు. ఆయన వేషం వేసిన కుర్రాడు చేయి ఊపడం, కళ్లజోడు తీసి తుడవడం అచ్చం దింపేశాడు. చూసి ఆయనే పడీపడీ నవ్వి, 'నా డైలాగులు రెండు మింగేశావురా' అని ఆ రెండూ మళ్లీ చెప్పించాడు. నాటకంలో డప్పు స్టేజీ మధ్యలోనే ఉంటుంది. దాని చుట్టూ వాదన నడుస్తుంది. తాళమంతా తట్ట మీద, పార మీద.

గ్రంథాలయంలో దొరికిన ఇంకో పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసింది. మాదిగల నోట విన్న కథలు, వాళ్ల గురువుల సంప్రదాయాలు, అరుంధతి పుట్టుక వంటివి అందులో ఉన్నాయి. స్త్రీల హక్కుల గురించి రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద స్విట్జర్లాండులో డాక్టరేటు చేసిన మనిషి ఆవిడ. ఒంగోలు పల్లెల్లో కూర్చుని చెప్పులు కుట్టేవాళ్ల మాటలు విని రాసుకుంది. కాలేజీలో ఈ పుస్తకం చాలా ఏళ్లుగా ఎవరూ తీసినట్టు లేదు. అందులో కనిపించే తొలినాటి విశ్వాసి యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. 1866లోనే, ఒంగోలుకు క్లౌ రాకముందే బాప్తిస్మం తీసుకున్నవాడు. అంతకు ముందు యోగ మార్గం పట్టి గురువుల వెంట తిరిగినవాడు కూడా. పిల్లల్లో చాలామందికి ఇది కొత్త. తమ తాతలు ఖాళీ చేతులతో, ఖాళీ మనసులతో దొర దగ్గరికి పోలేదని తెలియడం వాళ్లకు ఎంత బలమిచ్చిందో పేరయ్య దృశ్యం ఆడేటప్పుడు నిలబడే తీరులోనే కనబడింది.

తీసేసిన సన్నివేశం

పేర్లు ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్పాలి.

పిల్లలు మొదట అల్లుకున్న చివరి సన్నివేశం ఇప్పటిది. ఒక విద్యార్థి సర్టిఫికెట్ కోసం కౌంటర్ దగ్గర నిలబడతాడు. దరఖాస్తులో మతం అనే గడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డ్ కులాల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఇప్పటికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లను బీసీ-సీలో పెట్టారు, ఆ వాటా ఒక్క శాతం. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరుగా తరాలు గడుస్తున్నాయి. పల్లెలో తెలియనివాళ్లు లేరు, బయట మాట్లాడేవాళ్లు లేరు.

పిల్లలు ఆ సన్నివేశాన్ని ప్రాణం పెట్టి చేశారు. నేను రిహార్సల్‌లో ఒకసారి చూశాను, ఒళ్లు జలదరించింది. తర్వాత పెద్దవాళ్లకు చూపించారు. వాళ్ల కథలు తీసుకున్నారు కాబట్టి ప్రదర్శనకు ముందు వాళ్లు చూడాలన్నది మొదటినుంచీ ఒప్పందం. చూశాక ఒక విద్యార్థి తండ్రి నెమ్మదిగా అన్నాడు. 'నువ్వు నాటకం ఆడి పోతావు నాయనా. రేపు ఎమ్మార్వో ఆఫీసులో నిలబడేది నేను, నీ చెల్లెలు.'

ఆ రాత్రి గొడవ చాలాసేపు సాగిందని చెప్పారు. నిజం చెప్పకపోతే నాటకమెందుకని కొందరు పిల్లలు ఏడ్చారు. లెక్చరర్ కూడా సన్నివేశం ఉంచాలనే అన్నారు. ఇప్పటికీ ఆమె మాట అదే. నా మటుకు నాకు, తీసేయడమే సరైన పని. కథ చెప్పినవాడికి దాని ఫలితం అనుభవించాల్సి వస్తే, ఆపే హక్కు అతనిది. వేదిక మీద ధైర్యం చూపించడం తేలిక, ఆ ధైర్యానికి అప్పు తీర్చేది ఇంకొకరైతే మరీ తేలిక. జనం నుంచి పుట్టే నాటకం అని పేరు పెట్టుకున్నాక ఆ జనం 'వద్దు' అన్నదాన్ని వినడం దాంట్లో భాగమే. సన్నివేశం తీసేశారు. దాని స్థానంలో ఏమీ పెట్టలేదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. కాలేజీ ఆడిటోరియంలో ఆడాక నాటకాన్ని ఒక పల్లెకు తీసుకెళ్లారు. చర్చి ముందు ఖాళీ స్థలం, టెంట్‌హౌస్ పట్టాలు, రెండు ఫోకస్ లైట్లు. ఆట అయ్యాక పెద్దలను మాట్లాడమన్నారు. వద్దన్న ఆ తండ్రే లేచాడు. మైకు తీసుకోలేదు. 'ఇందులో ఒకటి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీకందరికీ తెలుసు' అని మొదలుపెట్టి తన సొంత సంగతి చెప్పుకొచ్చాడు. తన మనుషుల మధ్య, తాను ఎంచుకున్న మాటల్లో. ఆయన చెప్పింది నేను ఇక్కడ రాయను.

ఎత్తేవాడు, మోసేవాడు

ఆ పల్లె ప్రదర్శనలోనే ఇంకో దిద్దుబాటు జరిగింది. అలాంటివి పుస్తకాల్లో దొరకవు. మట్టి మోసే మొదటి దృశ్యం నడుస్తుండగానే ముందు వరసలోని ముసలాయన ఒకడు బిగ్గరగా అన్నాడు. 'తట్ట ఎవుడికి వాడు ఎత్తుకుంటాడంటయ్యా?'

పిల్లలు తడబడి ఆగి, మళ్లీ సాగించారు. ఆట అయ్యాక ఆయన దగ్గరికి వెళ్తే లేచి చూపించాడు. నిండు తట్ట ఎవరికి వారు తలకెత్తుకోలేరు. ఎత్తిపెట్టే మనిషి ఒకరు, మోసే మనిషి ఒకరు. ఎత్తేవాళ్లు మోకాలు వంచి తట్టను ముందు తమ తొడ మీదికి తెచ్చుకుంటారు, అక్కడినుంచి ఒక్క ఊపులో ఎదుటివాళ్ల తల మీది చుట్టకుదురు మీదికి. ఆ ఊపులో ఇద్దరి కళ్లూ కలవాలి, కలవకపోతే తట్ట పక్కకు ఒరుగుద్ది. ఒక మామ్మ అందుకుని, 'ఎత్తేవాళ్లతో మాటలు లేకపోయినా ఆ ఒక్క చూపు మాత్రం ఉండాల్సిందే అబ్బాయ్' అంది.

ఆ ఒక్క మాటతో పది నిమిషాల దృశ్యం మొత్తం మారిపోయింది. పన్నెండు మంది ఒంటరి మనుషులు ఆరు జంటలయ్యారు. గ్రౌండులో మోసినప్పుడు ఎవరూ ఎవరినీ చూడలేదని ముందు చెప్పాను కదా, అది అలవాటు లేనివాళ్ల మోత. పని తెలిసినవాళ్లు చూసుకుంటారు.

1977లో కెన్యాలో గూగీ వా థియోంగో, గూగీ వా మిరీ కలిసి కమిరీతు గ్రామంలో గికుయూ భాషలో ఒక నాటకం తయారుచేశారు. తోటల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు రిహార్సల్స్ చూస్తూ రాతను దిద్దారు. ఫ్యాక్టరీ పని ఇలా ఉండదని, ముసలివాళ్లు ఇలా మాట్లాడరని. కొన్ని వారాలకే ప్రభుత్వం లైసెన్సు రద్దు చేసింది, ఆ డిసెంబరు ఆఖరున గూగీని జైల్లో పెట్టింది. తన రచనా జీవితానికి కమిరీతు బడి అయిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. మనకూ ఇలాంటి వారసత్వం లేకపోలేదు. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మా భూమి'ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కానీ మండలిలో కూడా పెన్ను రచయితల చేతిలోనే ఉంది.

ఈ పిల్లల నాటకం గొప్ప నాటకమని నేను అనను. గంటా యాభై నిమిషాలు చాలా ఎక్కువ. రెండో సగం సాగుతుంది. ఏడుపు అవసరం లేనిచోట కూడా ఏడ్చారు, ఆ వయసులో ఏడుపు చేతనైతే ఎవరు ఊరుకుంటారు? కరణం పాత్ర సినిమా విలన్‌లా తయారైంది, వెనక నేపథ్య సంగీతం ఒక్కటే తక్కువ. దొర పాత్ర కూడా కుదరలేదు. మొదట దేవదూతలా, మధ్యలో దోషిలా, చివరికి ఏదీ కాకుండా మిగిలాడు. కరువులో ఆయన కాంట్రాక్టు తీసుకోకపోతే ఇంకెంతమంది పోయేవాళ్లో అన్నదీ నిజమే. ఆ మేలు చుట్టూ అల్లిన కథలో తవ్వినవాళ్లకు నోరు లేకుండా పోయిందన్నదీ నిజమే. ఈ రెంటినీ ఒకే మనిషిలో చూపించగల నటుడు ఆ క్లాసులో లేడు. మన పెద్ద నాటక సమాజాల్లోనూ ఎంతమంది ఉన్నారో.

నాటకం ఆడాక తిరకాసు ఇంకోచోట వచ్చింది. బాగుందని ఎవరో పరిషత్తు పోటీకి పంపమన్నారు. దరఖాస్తులో 'రచన' అనే గడి. అందులో ఒక్క పేరు రాయాలి. లెక్చరర్ పేరు రాద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. పిల్లలందరి పేర్లు రాద్దామంటే గడి చాలదు. అయినా పిల్లలేం రాశారు? పాతర కథలు రెండిళ్లవి. డప్పు సన్నివేశంలో మాటలు చర్చి పెద్దవి. మోత పద్ధతి ఆ ముసలాయనది. 'విద్యార్థులు' అని రాస్తే సరిపోతుందని నిర్వాహకులు సలహా ఇచ్చారట. ఈ విషయం పల్లెలో చెబితే ఆ మామ్మ వెంటనే అడిగింది. 'బహుమతి డబ్బులొస్తే ఎవురికిస్తారు?' ఎవరి దగ్గరా జవాబు లేదు. దరఖాస్తు పంపలేదు.

పైగా స్క్రిప్టు కూడా జమ చేయాలి. వీళ్ల దగ్గర ఉన్నది రికార్డింగులు, మూడు నోటు పుస్తకాలు, వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజీలు. రాసి పెట్టుకోకపోతే వచ్చే బ్యాచ్‌కు పోతుందని చరిత్ర లెక్చరర్ బెంగ. రాసేస్తే గట్టిపడిపోతుంది, ఇంకో ముసలాయన దిద్దడానికి వీలుండదు అని ఇంగ్లిష్ లెక్చరర్. నా ఓటు చరిత్ర లెక్చరర్‌కే. తవ్వినవాళ్ల మాట రాతలో లేకపోబట్టే కదా ఇంత కష్టపడాల్సి వచ్చింది.

ఈ ఏడు రెండో సంవత్సరం వాళ్లు కొత్త ప్రశ్నతో బయల్దేరారు. చినగంజాం వైపు ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్ల దగ్గరికి. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్ తీసి రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే, మడిలో ఉప్పు గుంజుతున్న ఆమె పని ఆపకుండానే అంది. 'చేసుకోండి. ముందు బస్తా ఎంతకమ్ముతున్నామో అది రాసుకోండి. నాటకం సంగతి తర్వాత చూద్దాం.' రాసుకున్నారు.